కాపలా పిక్క

కాశీబుగ్గ, పలాస
ఏప్రిల్

చి. మణిదీప్‌కు ఆశీస్సులు.

ఏదో కరపత్రం చదివి ఫోను మానేశావని మీ చెల్లెలు సుధారాణి చెప్పింది. సంతోషం. నీ పుణ్యమా అని ఇన్‌లాండు కవర్ల కోసం పోస్టాఫీసుకు వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి నన్ను పురావస్తు శాఖకు అప్పగించాలా అన్నట్టు చూసింది.

అసలు విషయం. టెక్కలి ఇల్లు ఖాళీ చేసి మా అమ్మాయి హరిప్రియకు దగ్గరగా ఈ రెండు గదుల్లోకి వచ్చాం. గదిలోకి నా స్పీకర్లు రెండూ వస్తే మీ పిన్నిగారికి చోటు లేదు. "అవో నేనో తేల్చుకోండి" అంది త్రిపురసుందరి. నేను ఆలోచించడానికి కాస్త వ్యవధి అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

అందుకే అవి ఆటోలో నీ దగ్గరకు వస్తున్నాయి. జాగ్రత్తగా విను. అవి నడుమెత్తు పెట్టెలు, ఆకలి ఎక్కువ. మామూలు బాక్సుకు గ్లాసుడు కరెంటు చాలితే వీటికి బిందెడు పోయాలి. కరెంటును ఆపే లెక్క పేరుకు నాలుగు ఓమ్‌లు. డోలు దెబ్బ పడే చోట ఇంకా కిందికి దిగిపోయి, ఆంప్లిఫయర్ ప్రాణం తోడేస్తాయి. వాటికి తగిన నా పాత ఆంప్లిఫయర్ పోయిన వానల్లో పిడుగుకు కాలిపోయింది. పెట్టె వెనక కింద గుప్పెడు పట్టే రంధ్రం ఉంటుంది. పెట్టె ఊపిరి తీసుకునేది దాంతోనే. మూయకు, ఎవరినీ ముట్టనివ్వకు.

భావనపాడు ఐసు ఫ్యాక్టరీ గౌరీశంకర్ వాటిని అడుగుతున్నాడు. అతని దగ్గర ఐసు దిమ్మంత ఆంప్లిఫయర్ ఉంది. కానీ నువ్వు "పాట వినే హక్కు డబ్బున్నవాడిదేనా" అని లైబ్రరీలో నన్ను నిలదీశావు. కాబట్టి ఒక పందెం. కార్తీకంలో, వాటితోపాటే పంపుతున్న నా సన్నాయి డిస్కు వాటిలో వేసి మొదటినుంచి చివరిదాకా ఆగకుండా వినిపించాలి. డోలు ఒంటరిగా మోగే చోట కూడా ఆగకూడదు. ఆగలేదా, బాక్సులు నీవి. ఆగిందా, గౌరీశంకర్‌వి.

ఇట్లు,
వేంకటాచలం

*

జీలుగుపేట, ఉద్దానం
మే

మాస్టారికి ఉద్యమాభివందనాలు.

బాక్సులు చేరాయి. ఆటో వాడూ నేనూ దించుతుంటే మా అమ్మ బొడ్డమ్మ గుమ్మంలో నిలబడి, "ఏట్రా ఇవి? బీరువాలా? తలుపులేవీ?" అంది. పాటలు వినేవని చెప్పాను. "పాటకి ఇంత ఇల్లెందుకు? మనుషులికే సోటు నేదు" అని లోపలికి పోయింది.

గౌరీశంకర్ పేరు చదివేసరికి నా ఒళ్లు మండింది. ఐసు దిమ్మలమ్మేవాడికి సన్నాయి ఎందుకండీ? మీ పందెం ఒప్పుకున్నాను. ఇది పందెం కాదు, పోరాటం. టెక్కలిలో వెతికి వెతికి ఒక ఆంప్లిఫయర్ కొన్నాను. అరచేతిలో పడుతుంది. షాపువాడు మీ బాక్సుల సంగతి విని, "బాబూ, ఇది వాటిని లాగనేదు. మేకపిల్లకి నాగలి కట్టినట్టు" అన్నాడు. "మేకపిల్లలంతా ఏకమైతే?" అన్నాను. "బాబూ, మీరొకటే కొంటన్నారు" అన్నాడు. అలాంటి నిరాశావాదుల వల్లే దేశం ఇలా ఉంది.

దానికి "సామాన్యుడు" అని పేరు పెట్టాను. మీ పెట్టెలు జమీందార్లు. పని చేసేది వీడు, పేరు వాళ్లది. సామాన్యుడు తలుచుకుంటే జమీందారు చేత పాడించలేడా? ఈ విషయం మీద నాలుగు పేజీల కరపత్రం రాస్తున్నాను.

మీ ఆజ్ఞ ప్రకారం ఇంట్లో ప్రకటించేశాను: "ఈ బాక్సుల జోలికి ఎవరూ రాకూడదు. నేను కూడా పాట పెట్టడానికి తప్ప ముట్టను." అమ్మ చాలా శ్రద్ధగా విని, "అయితే నువ్వు కూడా ఎనక్కి ఎల్లవన్నమాట" అంది. ఆవిడ ఇంత శ్రద్ధగా నా మాట వినడం ఇదే మొదటిసారి. మార్పు మొదలైంది మాస్టారూ.

ఇంకో విజయం. తిత్లీ తుఫానుకు పోగా మిగిలిన మా జీడి చెట్లు ఈసారి బాగా కాశాయి. నిరుడు నేను "నిల్వ చేయడమే దోపిడీకి తొలిమెట్టు" అన్న కరపత్రం చదివి, పిక్కలన్నీ ఏరిన వెంటనే వచ్చిన మొదటి బేరానికి ఇచ్చేశాను కదా. తర్వాత ధర పెరిగిందని అమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఈసారి అడిగితే, "అమ్మీసినాన్రా. ఒక్క పిక్క నిలవ నేదు. కావాలంటే ఇల్లంతా సూసుకో" అంది. చూశాను. అటక మీద లేవు, మంచం కింద లేవు, గాదెలో లేవు. మాది ఇప్పుడు నిల్వ లేని ఇల్లు.

మీ,
మణిదీప్

*

కాశీబుగ్గ
మే

చి. మణిదీప్‌కు,

ఆ కరపత్రం నేనూ చదివానురా. అది గోదాముల వ్యాపారుల గురించి. మీ అమ్మ గురించి కాదు.

సామాన్యుడి విషయం. మొదటి రోజే గొంతు పెంచకు. బాక్సుల్ని గోడకు జేనెడు దూరంలో పెట్టు. గోడ వాటి గాంభీర్యానికి వంత పాడుతుంది, ఆంప్లిఫయర్‌కు శ్రమ తగ్గుతుంది. నువ్వు దగ్గరగా కూర్చో. మీ గది మా వంటింటికన్నా చిన్నది, దానికి ఎంత శబ్దం కావాలి?

వేంకటాచలం

(ఇది నేను, త్రిపురసుందరిని. అబ్బాయ్, ఆ బాక్సుల్తో ముప్పై ఏళ్లు కాపురం చేశాను. "కాస్త తగ్గించండీ" అని నేను అన్నన్ని సార్లు దేవుడి పేరు తలుచుకుని ఉంటే ఈపాటికి మోక్షం వచ్చేది. ఆయన మాట వినకు. అసలు పెట్టకు.)

*

జీలుగుపేట
జూన్

మాస్టారికి,

ద్రోహం! ఎవరిదో తెలియదు గాని ద్రోహం మాత్రం ఖాయం.

మొదటి వారం అమృతం. సన్నాయి మా ఇంటి పెంకులకింద తిరిగింది. కొబ్బరితోటలోంచి వచ్చి వాకిట్లో నిలబడి విన్నారు జనం. తర్వాత నేను మూడు రోజులు నీళ్ల ట్యాంకరు విషయమై వజ్రపుకొత్తూరు ధర్నాకు వెళ్లాను. తిరిగొచ్చి పెట్టేసరికి జమీందార్ల గొంతు పూడిపోయింది! డోలు "ధిం" అనాల్సిన చోట "ఠక్" అంటోంది, తడిసిన కొబ్బరి డొక్క మీద కొట్టినట్టు. కసికొద్దీ గొంతు పెంచితే లోపలినుంచి గలగల. ఇంకా పెంచితే సామాన్యుడు ఎర్ర లైటు వెలిగించి, టిక్కుమని ఆగిపోతున్నాడు.

మాస్టారూ, నా బాధ అర్థం చేసుకోండి. ఎర్ర లైటు వెలిగించి పని ఆపేశాడంటే అది సమ్మె. కార్మికుడి సమ్మె హక్కుకు నేను వ్యతిరేకం కాను. కానీ సరిగ్గా డోలు దగ్గరే ఎందుకు చేయాలి? చల్లారాక మళ్లీ పని మొదలుపెట్టి మళ్లీ అక్కడే సమ్మె. "నీ డిమాండ్లేమిటో చెప్పు!" అని అరిచాను. అమ్మ వంటింట్లోంచి, "ఆ ఇనపముక్కతో తగువేట్రా? తగ్గించి పెట్టుకో. అంత గట్టిగా పెట్టకు. బాక్సులు కదిలిపోతాయి" అంది. బాక్సుల మీద ఆవిడకు అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో!

ఆ గలగల ఏమిటో చెప్పండి. ఆలస్యమైతే నా రక్తపోటుకు మీరే బాధ్యులు.

మణిదీప్

*

కాశీబుగ్గ
జూలై

చి. మణిదీప్‌కు,

గలగల అంటే సందేహం లేదు. సామాన్యుడు తాహతుకు మించి అరుస్తున్నాడు. చిన్న ఆంప్లిఫయర్‌ను గొంతు చించుకోమంటే శబ్దపు అలల తలలు తెగిపోయి గరగర వస్తుంది. మనుషులకూ అంతే. కోపంగా అరిచేవాడి మాటలో మాట ఉండదు, గరగర ఉంటుంది. ఎవరి గురించి అన్నానో వెతుక్కోకు.

తీగలు మార్చి చూడు. సన్నతీగలు తీసేసి లావు రాగితీగలు వెయ్యి. ముఖ్యంగా, గొంతు తగ్గించు.

వేంకటాచలం

*

జీలుగుపేట
ఆగస్టు

మాస్టారు బాబుకి బొడ్డమ్మ దండాలు.

మా సుధ సేత రాయిత్తన్నాను బాబూ. మా ఓడికి తెల్దు. తెలిస్తే ఊరేగింపు తీత్తాడు.

ఆ బాక్సులో గలగల ఆ సిన్న డబ్బాది కాదు బాబూ. అవి జీడి పిక్కలు. నిరుడు మా ఓడు నీతి అనీసి ఉన్న పిక్కలన్నీ నీళ్లరేటుకి ఇచ్చీసినాడు. ఈసారి నాను ఎండబెట్టి దాసినాను. యాడ దాసినా వాసన పట్టీగలడు. ఇంట్లో ఆడు ముట్టనని ఒట్టేసుకున్నది ఆ బాక్సులు ఒక్కటే. ఎనకాల బొక్క కూడా ఉన్నాది. ఆడు ధర్నాకి ఎల్లినప్పుడు బాక్సుల్ని పడుకోబెట్టి గుప్పెడు గుప్పెడు పోసీసినాను. ఒక్కో బాక్సుకి బస్తా పట్టినాది బాబూ, మంచి బాక్సులు. ఎలకలు కూడా ఎల్లనేదు.

(మాస్టారూ, నేను సుధారాణిని. ఎలుకలు వెళ్లకుండా రంధ్రంలో కొబ్బరిపీచు కుక్కింది. అది చెప్పొద్దంటోంది, నేను చెప్పేస్తున్నాను.)

ఎందుకు దాసినానంటే, మా నీళ్ల సంగతి తమకి తెల్సు కదా బాబూ. ఈధిలో ముగ్గురు కిడ్నీలు పోయి వారానికి రెండేసి సార్లు పలాస ఆసుపత్రికి రకతం కడిగే మిషను మీదకి ఎల్తన్నారు. ఇంట్లో నీళ్లు సుద్ధి సేసే మిషను పెట్టుకుందామంటే మా ఓడు, "అందరికీ వచ్చీదాకా మనకొద్దమ్మా" అంటాడు. నీళ్ల మీద కరపత్రాలు రాత్తాడు గాని నా నెత్తి మీద బిందె కింద దించడు. ఈళ్ల నాన్న అండమాన్‌లో పనికి ఉన్నాడు, నానే సూసుకోవాల. దీపావళి ఎల్లినాక పిక్కకి రేటు వత్తాది. అప్పటిదాకా ఆ బాక్సులు తెరవనీకండి. కార్తీకానికి పరీచ్చ అన్నారంట, కొంచెం ఎనక్కి ఎయ్యండి. తమరు సదువుకున్నోరు, ఏదో ఒకటి సెప్పండి.

బొడ్డమ్మ

*

కాశీబుగ్గ
సెప్టెంబరు

చి. మణిదీప్‌కు,

కిందటి ఉత్తరంలో నేను తొందరపడ్డాను. మరోసారి ఆలోచించాను. ఆ గలగలకు సామాన్యుడి తప్పేమీ లేదనిపిస్తోంది. బాక్సుల తప్పు కూడా కాదు. ఉప్పుగాలి అయి ఉండవచ్చు. వానాకాలం సముద్రపు గాలికి లోపల ఏదో... కొంచెం పేరుకుంటుంది. చలి మొదలయ్యాక అదే పోతుంది. కనుక పరీక్షను కార్తీకం చివరకు జరుపుదాం. అంతవరకు బాక్సుల వెనకకు వెళ్లకు. కదల్చకు. చేయి పెట్టకు.

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. ఊరికే కబురుగా చెప్పు: పలాసలో పిక్కల ధర కదులుతోందట, ఇంకా ఆగితే మంచిదని ఇక్కడ అనుకుంటున్నారట. ఆవిడకు పిక్కలు లేవనుకో. అయినా రైతన్నాక ధర తెలిసి ఉండాలి.

వేంకటాచలం

(అబ్బాయ్, నేను త్రిపురసుందరిని. ఈ ఉత్తరం రాస్తూ ఆయన మూడుసార్లు తనలో తాను నవ్వుకున్నారు. అడిగితే దగ్గొచ్చిందన్నారు. ఏదో ఉంది.)

*

జీలుగుపేట
అక్టోబరు

శ్రీ వేంకటాచలం గారికి,

"మాస్టారు" అని రాయలేదని గమనించే ఉంటారు. కావాలనే రాయలేదు.

మేలో గోడ దగ్గర పెట్టమన్నారు. జూలైలో తీగలు మార్చమన్నారు, మార్చాను. ఇప్పుడు ఉప్పుగాలి అంటున్నారు! ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవారు ప్రతి నెలా జవాబు మారుస్తారా? వెనక్కి వెళ్లొద్దు, చేయి పెట్టొద్దు. ఎందుకు వద్దు? ఎవరి ప్రయోజనం కోసం? ఒక్కటే అర్థం. గౌరీశంకర్‌కు మీరు ముందే మాటిచ్చేశారు. నన్ను గాలికబుర్లతో ఆపి, కార్తీకం చివర్న నా సామాన్యుడు ఓడిపోతే చల్లగా బాక్సులు ఐసు ఫ్యాక్టరీకి పంపాలని చూస్తున్నారు. పెద్దమనుషుల కుట్రలు ఇలాగే ఉంటాయని నేను చదివాను.

మీ కబురు అమ్మకు చెప్పాను. "మాస్టారు బాబు దేవుడు" అని కొంగుతో కళ్లొత్తుకుంది. లేని పిక్కల ధరకు ఏడుపెందుకో! అమాయకురాలు. మీకు సిగ్గుండాలి.

వచ్చే ఆదివారం స్క్రూడ్రైవర్ తీసుకుని బాక్సులు విప్పుతాను. నిజం ఏదైనా బయటపడాల్సిందే.

మణిదీప్

*

కాశీబుగ్గ
అక్టోబరు

మణిదీప్,

విప్పకు. విప్పావో, పందెం ఆ క్షణమే రద్దు. బాక్సులు గౌరీశంకర్‌వి. ఇది నా ఆఖరి మాట.

గౌరీశంకర్‌కు నేనేమీ మాటివ్వలేదు. ఇచ్చి ఉంటే నీ తిట్లు తినే అవసరం నాకెందుకురా? అతను వ్యాపారం పని మీద ఎక్కడికో వెళ్తాడట. పరీక్ష ఇంక వెనక్కి జరపడానికి ఒప్పుకోవడం లేదు. కార్తీక పౌర్ణమి తర్వాత ఆదివారం తన బండిలో, తన ఆంప్లిఫయర్‌తో సహా వస్తున్నాడు. నాకు మోకాలి నొప్పి, ప్రయాణం చేయలేను. నా బదులు న్యాయనిర్ణేతగా మీ పిన్నిగారు వస్తుంది. ఆ బాక్సుల మీద ఆవిడకు ఎలాంటి ప్రేమా లేదు కనుక పక్షపాతం ఉండదు. షరతు కాగితం మీద రాసి ఇచ్చాను.

తిట్టినందుకు కోపం లేదు. గరగర వినడం నాకు అలవాటే.

వేంకటాచలం

*

జీలుగుపేట
నవంబరు

మాస్టారికి,

"మాస్టారు" అని మళ్లీ రాస్తున్నాను. ఎందుకో చివరిదాకా చదవండి.

ఆదివారం పొద్దున్నే గౌరీశంకర్ బండి వచ్చింది. దానికంటే ముందు చేపల వాసన వచ్చింది. ముందు సీటులో పిన్నిగారు. ఒళ్లో ఫ్లాస్కు, రెండు చెవుల్లో దూది. గౌరీశంకర్ తెల్లబట్టలు, తీరైన మీసం. నేను తయారుచేసుకున్న ప్రసంగం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కాకుండానే ఆయన చేతులు జోడించి, "తమ్ముడూ, బండిలో ఐసు కరిగిపోతాది. పాట పెట్టు" అన్నాడు.

అమ్మ వింతగా ఉంది. కూర్చోదు, నిలబడదు. గౌరీశంకర్ బాక్సు దగ్గరకు ఒక్క అడుగు వేస్తే తను రెండడుగులు వేసి అడ్డం వస్తోంది. "టీ తాగండి బాబూ. ఇడ్లీ తినండి బాబూ. పాటకేటి, ఎప్పుడూ ఉంటాది."

మొదట సామాన్యుడి వంతు. పెట్టాను. అదే పూడిపోయిన గొంతు, అదే గలగల. డోలు ఇంకా రాకముందే గౌరీశంకర్ నవ్వి ఆపమన్నాడు. "నీ డబ్బాకి పళ్లూడిపోతన్నాయి తమ్ముడూ. మనది తగిలించి సూద్దాం, బాక్సుల్లో దమ్ముందో నేదో తెలిసిపోతాది." ఇద్దరు మనుషులు ఐసు దిమ్మ లాంటి ఆంప్లిఫయర్‌ను మోసుకొచ్చి పెట్టారు. అమ్మ, "ఒద్దు బాబూ, ఒద్దు బాబూ" అంటూనే ఉంది. ఆయన గొంతు పెంచే బొత్తాం పూర్తిగా తిప్పాడు.

మాస్టారూ, ఒక్క డోలు దెబ్బ. ఎడమ బాక్సు వెనకనుంచి మొదట కొబ్బరిపీచు ఉండ ఎగిరింది. దాని వెనకే ఒక జీడి పిక్క. గోడకు తగిలి, నేల మీద దొర్లి, సరిగ్గా గౌరీశంకర్ చెప్పు దగ్గర ఆగింది. రెండో దెబ్బకు ఇంకో నాలుగు. తర్వాత కుడి బాక్సు కూడా అందుకుంది. డోలువాడు వాయిస్తున్నంతసేపూ జమీందార్లు పిక్కలు కక్కుతూనే ఉన్నారు. ఎవరో పాట ఆపారు. ఒక పిక్క ఆఖరిగా మంచం కిందికి పోయింది.

అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ కొంగు సర్దుకుని, "సూడండి. బాక్సు ఈనింది" అంది.

సుధ నవ్వు ఆపుకోలేక వాకిట్లోకి పారిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. "నిల్వ! నా ఇంట్లో! నా బాక్సుల్లో!" అని మొదలెట్టాను. మీకు తెలుసు కదా, నేను మొదలెడితే కొబ్బరితోట అవతలికి వినిపిస్తుంది. అమ్మ అరవలేదు. కిందకు వంగి పిక్కలు ఏరుతూ అంది:

"అరువ్. ఆ అరుపుతోటే నీళ్లు తెల్లబడతాయేమో సూడు. నీ నీతి నాకు తెల్సు నాయనా. ఊరందరికీ మంచినీళ్లు వచ్చినాకే మనం తాగాల. బాగానే ఉన్నాది. ఈలోగా నీ సెల్లి ఏ నీళ్లు తాగతాదో ఆ కరపత్రంలో రాయనేదా?"

నేను నోరు తెరిచాను. మాస్టారూ, ఆ ప్రశ్నే నేను చదివినవాటిలో ఎక్కడా లేదు.

అప్పుడు పిన్నిగారు చెవుల్లో దూది తీసింది. "అబ్బాయ్, కాసేపు నోరు ముయ్యి. గౌరీశంకర్, నువ్వా పక్క పట్టుకో. ముందు బాక్సులు ఖాళీ చెయ్యండి, తర్వాత పరీక్ష" అంది. తెల్లబట్టల గౌరీశంకర్, నేను, ఇద్దరు మనుషులూ కలిసి బాక్సుల్ని వంచి, కుదిపి, బుట్టల్లోకి పిక్కలు ఒంపాం. రెండు బస్తాలూ నిండాయి. గౌరీశంకర్ చెమట తుడుచుకుంటూ, "నా జన్మలో ఇన్ని బాక్సులు సూసినాను గాని పంట పండిన బాక్సులు ఇవే" అన్నాడు. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు మాస్టారూ. ఇది నాకు చాలా ఇబ్బందిగా ఉంది.

మళ్లీ సామాన్యుడిని తగిలించాను. సన్నాయి ఎత్తుకుంది. ఆహా, ఆ గొంతు తిరిగొచ్చింది! గోడ వంత పాడింది. మొదటి వారంలో విన్న గొంతే. పాట పెరిగి పెరిగి డోలు దగ్గరకు వస్తోంది. నా చెయ్యి అలవాటుగా గొంతు పెంచడానికి బొత్తాం మీదకు వెళ్లింది. ఇన్ని నెలలూ అక్కడే కదా పెంచాను! గౌరీశంకర్‌కు వినిపించాలి, ఊరికి వినిపించాలి, ప్రపంచానికి వినిపించాలి అని. ఎర్ర లైటు ఒకసారి మినుకుమంది.

అప్పుడు అమ్మ కనపడింది. మూలన కూర్చుని, ఒక్కో పిక్కకూ అంటుకున్న పీచు తీసి, కొంగుతో తుడుస్తోంది. పాట ఎంత గట్టిగా ఉందో ఆవిడ పట్టించుకోవడం లేదు. గదిలో ఉన్నది మేం ఐదారుగురం. గోడకూ గోడకూ మధ్య మంచం దూరం. ఇంత గదిలో నేను ఎవరి కోసం అరుస్తున్నాను?

బొత్తాం వెనక్కి తిప్పాను.

ఎర్ర లైటు ఆరిపోయింది. డోలు మొదలైంది. ఇన్ని నెలల్లో మొదటిసారి దాన్ని పూర్తిగా విన్నాను మాస్టారూ. దెబ్బలు కాదు, వేళ్లు వినిపించాయి. చర్మం మీద అరచెయ్యి ఆనించి తీసిన చప్పుడు వినిపించింది. గౌరీశంకర్ మెల్లగా ముందుకు వంగాడు. అమ్మ చేతిలో పిక్క అలాగే ఉండిపోయింది. డోలు అయిపోయి సన్నాయి మళ్లీ అందుకుని, పాట చివరిదాకా వెళ్లి, దానంతట అదే ఆగింది.

"బాగానే ఉన్నాది గాని, గట్టిగా నేదు కదా పిన్నిగారూ?" అన్నాడు గౌరీశంకర్.

పిన్నిగారు మీ కాగితం విప్పింది. "ఆగకూడదని రాశారు. అరవమని ఎక్కడా రాయలేదు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ముప్పై ఏళ్లుగా ఈ బాక్సుల ముందు కూర్చున్న మగవాళ్లను చూస్తున్నాను. నేను చెప్పకుండా తనంతట తాను తగ్గించినవాణ్ణి ఇవాళే చూశాను. బాక్సులు వీడివే" అని, ఫ్లాస్కులో కాఫీ పోసి నాకిచ్చింది.

బాక్సుల కోసం వచ్చిన బండి ఖాళీగా పోవడం దేనికని గౌరీశంకర్ రెండు బస్తాలూ ఎక్కించుకుని, అమ్మను కూడా పలాస తీసుకెళ్లాడు. బస్తాలు ఎక్కించింది నేనే. ఎక్కిస్తూ ఏ నినాదమూ ఇవ్వలేదు.

ఒక్కటి చెప్పండి. మీకు ముందే తెలుసు కదా?

మీ,
మణిదీప్

*

కాశీబుగ్గ
నవంబరు

చి. మణిదీప్‌కు,

తెలుసు. ఆగస్టు నుంచి తెలుసు. మీ అమ్మకు మాటిచ్చాను కనుక చెప్పలేదు. ఉప్పుగాలి నా జీవితంలో నేనాడిన అతి చెత్త అబద్ధం. లెక్కల మాస్టారికి కల్పన చేతకాదు. నా మోకాలు కూడా నిక్షేపంలా ఉంది. నీ ముఖం చూస్తే నవ్వేస్తానని రాలేదు.

మీ పిన్నిగారు ఇంటికొచ్చి ఏమందో తెలుసా? "ఆ బాక్సులు అంత బాగుంటాయని మీరెప్పుడూ చెప్పలేదేం?" అంది. ముప్పై ఏళ్లు చెప్పాను. నేను చెప్పిన గొంతులో ఆవిడకు వినపడలేదు కాబోలు.

బాక్సులు నీవి. సన్నాయి డిస్కు కూడా ఉంచుకో. ఒకటే సందేహం. పిక్కలన్నీ వచ్చాయా? లోపల అంటించిన దూది పొరల మధ్య ఏదైనా చిక్కుకుని ఉండవచ్చు. ఇప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి విప్పుకో, అనుమతిస్తున్నాను.

వేంకటాచలం

*

జీలుగుపేట
డిసెంబరు

మాస్టారికి,

మీ సందేహం నిజమే. కుడి బాక్సులో ఒక్క పిక్క మిగిలిపోయింది. ఎంత కుదిపినా రాదు. విప్పుదామని స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను కూడా. కానీ ఒక చిత్రం గమనించాను. మామూలుగా పాడుతున్నప్పుడు అది కిక్కురుమనదు. సామాన్యుడికి ఇక మోయలేనంత అయ్యే ముందు, ఎర్ర లైటు కంటే కొంచెం ముందే, అది గలగలమంటుంది. తగ్గిస్తే ఊరుకుంటుంది. ఇంతకంటే మంచి హెచ్చరిక ఏ ఇంజనీరు పెట్టగలడు? అందుకని విప్పలేదు, ఉండనిచ్చాను. అమ్మ దాన్ని కాపలా పిక్క అంటుంది.

పిక్కల డబ్బుతో కొన్న నీళ్ల మిషను బాక్సుల పక్కనే గోడకు బిగించారు. ఊరందరికీ మిషన్లు రావాలని కరపత్రం రాయడం కూడా మానలేదు. ఈసారి రెండు పేజీలే. మొదటి ప్రతి అమ్మకు చదివి వినిపించాను. మిషను కింద బిందె పెట్టి నిండేదాకా నిలబడి విన్నది. రెండో పేజీ మధ్యలో, ఎమ్మార్వో గారి పేరు వచ్చిన చోట, నాకు తెలియకుండానే నా గొంతు లేచిపోయింది.

అమ్మ బిందె ఎత్తుకుంటూ అంది:

"పిక్క మోగుతున్నాదిరా."

తగ్గించి చదివాను మాస్టారూ. చివరిదాకా విన్నది.

మీ,
మణిదీప్